ట్యాంక్‌లో ఊదా రంగు రావాలంటే ఏది కొనాలి: లైవ్ రాకా, బాటిలా, ఫ్రెండ్ ట్యాంక్ గీకుడా?

డ్రై రాక్ (ఎండబెట్టిన రాయి) తో మెరైన్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్ల అక్వేరియం మొదలెట్టినోళ్లకి మూడో నెలకో నాలుగో నెలకో ఒకటే దిగులు. రాళ్లు చూస్తే ఎముకల్లా తెల్లగా ఉంటాయి, వాటి మీద డయాటమ్స్ అనే సన్నటి ఆల్గే వేసే గోధుమ దుమ్ము, ఆ పైన పచ్చ జుట్టు ఆల్గే, ఫోన్ తెరిస్తే మాత్రం ఎవరి ట్యాంక్ చూసినా రాళ్ల మీద నేరేడు పళ్లు పిసికి పూసినట్టు ఊదా రంగు. ఆ రంగే కోరలైన్ ఆల్గే. నాది హైదరాబాద్, మూడడుగుల ట్యాంక్, సంప్ (ఫిల్టర్ తొట్టి) తో కలిపి 200 లీటర్ల దాకా నీళ్లు, మొత్తం డ్రై రాకే. ఈ రంగు కోసం ఏడాది తిప్పలు పడ్డా, డబ్బులు కూడా తగలేశా, కాబట్టి ఏ దారి ఎవరికి పనికొస్తుందో నాకు తెలిసినంత చెప్తా.

ముందు ఇదేంటో రెండు ముక్కలు. పేరు విని కోరల్ (పగడం) అనుకునేరు, కాదు, ఇది ఎర్ర ఆల్గేల కుటుంబం. కణాల గోడల్లో కాల్షియం కార్బొనేట్ నింపుకుంటుంది, దాంతో పాటు మెగ్నీషియం కూడా బాగానే లాక్కుంటుంది, అందుకే రాయికి సున్నం పూత వేసినట్టు గట్టిగా అతుక్కుని ఉంటుంది. రాయిలా ఉంది కాబట్టి జీవులకి పేర్లు పెట్టి వర్గీకరించిన లిన్నేయస్ అంతటాయన కూడా 1758లో వీటిని జంతువుల పద్దులో రాసేశాడు, 1837లో ఫిలిప్పి అనే జర్మన్ ఆయన వచ్చి ఇవి మొక్కల వైపువని తేల్చాడు. మనం మొదటి రోజు షాపులో "ఇదేదో పెయింట్" అనుకోవడం ఆ లెక్కన పెద్ద తప్పేం కాదు.

ఇప్పుడు అసలు పాయింట్. పొలంలో విత్తనం వెయ్యకుండా ఎంత యూరియా చల్లినా వరి మొలవదు కదా, ఇదీ అంతే. డ్రై రాక్ మీద ప్రాణం ఉన్నది ఏదీ ఉండదు, ఎండబెట్టేశారు. కోరలైన్ స్పోర్స్‌తో వ్యాపిస్తుంది, ఆ స్పోర్స్ ఎక్కడో ఒక బతికున్న మచ్చ నుంచి రావాలి. కాబట్టి మనం ఎంచుకోవాల్సింది విత్తనం ఎక్కడి నుంచి తేవాలి అన్నది, ఆ తర్వాత నీళ్లు దానికి సరిపడా ఉంచగలమా అన్నది. చాలామంది మొదటిది వదిలేసి రెండో దానికే బాటిళ్లకి బాటిళ్లు కొంటారు.

దానికి బెస్ట్ ఉదాహరణ ఆ "పర్పుల్" అని పేరున్న సప్లిమెంట్లు. కరీబ్‌సీ వాళ్ల పర్పుల్ అప్ లాంటిది తీసుకోండి, అందులో ఉండేది కాల్షియం, మెత్తటి అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) పొడి, అలాంటివే, ఆల్గే ఉండదు. అది ఎరువు. ట్యాంక్‌లో ఆల్రెడీ మచ్చలుంటే, కాల్షియం తక్కువుంటే పనికొస్తుంది. ఖాళీ ట్యాంక్‌లో పోస్తే నీళ్లు కాసేపు పాల రంగులోకి మారతాయి, అంతే. పైగా ఆ కాల్షియం మామూలు కాల్షియం క్లోరైడ్‌తో ఇంతకన్నా చవగ్గా ఇవ్వొచ్చు. ఊదా రంగేసి అమ్మే డ్రై రాక్ కూడా ఇలాంటిదే, చూడ్డానికి బాగుంటుంది, మొదటి ఆర్నెల్లు ఆ ఎముకల రంగు చూసే బాధ తప్పుతుంది, దాని మీద నిజం కోరలైన్ తర్వాత చక్కగా ఎక్కుతుంది కూడా. కానీ ఆ రంగుని చూసి "నాకు వచ్చేసింది" అనుకోకండి. గోరుతో గీకి ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే బుస్సున పొంగిందని సంబరపడినోళ్లు కూడా ఉన్నారు, అరగొనైట్ రాయి అయితే రాయి పొడే పొంగుతుంది బాస్, ఆ టెస్ట్ గ్లాస్ మీదో ప్లాస్టిక్ మీదో వచ్చిన మచ్చకి చెయ్యాలి.

లైవ్ రాక్ సంగతి

విత్తనం పరంగా చూస్తే దీన్ని కొట్టేది లేదు. సముద్రంలోంచి తడిగా తెచ్చిన రాయి మీద ఒక్క రకం కాదు, గులాబీ, ముదురు ఊదా, ఎరుపు, రకరకాల కోరలైన్లు ఉంటాయి, వాటితో పాటు బ్యాక్టీరియా, కోపిపాడ్స్, చిన్న చిన్న పురుగులు, ఒక ఊరు ఊరంతా దిగుతుంది. ఆ ఊళ్లో దొంగలు కూడా ఉంటారు మరి. ఎయిప్టేసియా (కలుపులా పెరిగే, కుట్టే అనిమోన్), బబుల్ ఆల్గే, వేటాడే మాంటిస్ రొయ్య, ఒక్కోసారి పీతలు. రాయి ప్రయాణంలో సగం చచ్చి వస్తే అమ్మోనియా లేస్తుంది, చేపలున్న ట్యాంక్‌లో డైరెక్ట్‌గా పెడితే చేపలు పోతాయి, వేరే టబ్బులో పంపు పెట్టి వారాల తరబడి క్యూరింగ్ చెయ్యాలి.

ఇంకో సంగతి, ఇండియాలో ఉన్నవాళ్లకి. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే కోరల్స్, సీ ఫ్యాన్స్ ఇలాంటివన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, అంటే పులికి ఉన్న రక్షణే. మన సముద్రంలోంచి కోరల్ ఉన్న రాయి తీసుకొచ్చి అమ్మడం కుదరదు. షాపువాడు కౌంటర్ కింద నుంచి తీసి "లోకల్ పీస్ సార్, ఫుల్ పర్పుల్" అంటే వద్దని చెప్పి వచ్చెయ్యండి. రూల్స్ పక్కన పెట్టినా, ఒక రాయి కోసం రీఫ్ ముక్క పగలగొట్టి మనం ఇంట్లో రీఫ్ పెంచుతున్నాం అనుకోవడం నాకైతే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అమెరికాలో ఉండే మనవాళ్లకి ఇది వేరే లెక్క. ఫ్లోరిడా తీరంలో లీజు తీసుకున్న చోట మామూలు రాళ్లు సముద్రంలో దింపి, కొన్నేళ్లు వదిలేసి, జీవం పట్టాక పైకి తీసి అమ్ముతారు, ఆక్వాకల్చర్డ్ లైవ్ రాక్ అంటారు. మీరు అక్కడుంటే, ట్యాంక్ ఇంకా మొదలెట్టకపోతే, నా సలహా అదే. మొత్తం రాయి అదే కొనక్కర్లేదు, ఎక్కువ డ్రై రాక్ పెట్టి మధ్యలో ఒక్క మంచి ముక్క పెడితే చాలు, అదే తోడు పెట్టినట్టు మిగతా వాటికి పాకుతుంది, టైం పడుతుంది అంతే. కానీ ఇప్పటికే చేపలతో కోరల్స్‌తో నడుస్తున్న ట్యాంక్ అయితే వద్దు. ఊదా రంగు కోసం మాంటిస్ రొయ్యని తెచ్చుకుని రాత్రుళ్లు టార్చ్‌లైట్ వేసి వేటాడటం ఎందుకు చెప్పండి.

"వైజాగ్‌లో రాళ్ల మీద ఉంటుంది కదా అన్నా, తెచ్చుకుంటే?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఉంటుంది, నిజమే. అలలు కొట్టే రాళ్ల మీద చిన్న చిన్న అతుకుల కొమ్మల్లా, పట్టుకుంటే సుద్దముక్కలా విరిగే రకాలు, ఆంఫిరోవా, జేనియా లాంటివి, అవీ కోరలైన్లే. అయితే మనకి కావాల్సింది రాయికి పూతలా పట్టే రకం, ఇవి కొమ్మలేసే రకం. ఒడ్డున ఉండేవి అలల దెబ్బకి, ఎండకి, వానాకాలం నదుల నీళ్లు కలిసి ఉప్పు తగ్గడానికి అలవాటు పడ్డవి, మన ట్యాంక్‌లో 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతులు ఉప్పు) దగ్గర కదలకుండా ఉండే నీళ్లలో అవి ఎలా ఉంటాయో గ్యారంటీ లేదు. పైగా పక్కనే హార్బర్, ఫ్యాక్టరీలు. బీచ్‌కి వెళ్లి చూసి, ఫొటో తీసుకుని, బజ్జీలు తిని వచ్చెయ్యండి.

బాటిల్ కోరలైన్

ఇది కొత్తగా వచ్చిన దారి, ల్యాబ్‌లో పెంచిన కోరలైన్ ముక్కలూ స్పోర్సూ ద్రవంలో పెట్టి అమ్ముతారు. దీంట్లో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే దొంగలు రారు. ఎయిప్టేసియా లేదు, చేపల జబ్బు లేదు. ఇన్నాళ్లూ జాగ్రత్తగా క్వారంటైన్ చేసుకుంటూ శుభ్రంగా ఉంచుకున్న ట్యాంక్ అయితే ఇదే కరెక్ట్, ఖరీదైనా సరే.

కానీ అది ప్రాణం ఉన్న సరుకు, ఇక్కడే మనకి చిక్కు. నేను తెప్పించింది మే నెలలో. కొరియర్ వాళ్ల దగ్గర శని ఆదివారాలు ఎక్కడో గోడౌన్‌లో మగ్గి, సోమవారం మధ్యాహ్నం బైక్ మీద ఎండలో ఊరంతా తిరిగి నా చేతికొచ్చింది. మూత తీస్తే కుళ్లిన సముద్రం వాసన. ఆశ చావక పోశా, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే మిషను) రెండు రోజులు నురగలు కక్కింది, నాలుగు నెలలు చూసినా ఒక్క చుక్క రాలేదు. బాటిల్ తప్పు కాదు, తెప్పించిన నెల తప్పు. మీరు కొంటే డిసెంబర్ జనవరిల్లో కొనండి, వారం మొదట్లో ఆర్డర్ పెట్టండి, తయారీ తేదీ అడగండి, చెప్పకపోతే వదిలెయ్యండి. ఇంకోటి, ట్యాంక్ పెట్టిన మొదటి వారమే పోసేసే వాళ్లున్నారు. సైకిల్ (అమ్మోనియాని తినే బ్యాక్టీరియా స్థిరపడే దశ) అయిపోయి, డయాటమ్స్ ఉధృతి తగ్గాక పోస్తేనే నయం అని నా అభిప్రాయం, లేకపోతే ఆవగింజంత మచ్చ మొలిచేలోపు దాని మీద గోధుమ దుప్పటి కప్పేస్తుంది.

నాకు పనిచేసింది

చివరికి నా ట్యాంక్‌లో రంగు వచ్చింది పైసా ఖర్చు లేకుండా. కూకట్‌పల్లిలో ఒక అన్న ఉన్నాడు, ఐదేళ్ల నాటి ట్యాంక్, వెనకాల గ్లాస్ అసలు కనపడదు, మొత్తం ఊదా. ముందు గ్లాస్ గీకినప్పుడల్లా ఆ పెచ్చులు సైఫన్‌తో తీసి సింక్‌లో పారబోసేవాడు. నేను అది బంగారం అన్నా అంటే నవ్వాడు, ఒక డబ్బాలో పెచ్చులు, దాంతో పాటు పెంకు నిండా గులాబీ మచ్చలున్న ట్రోకస్ నత్తలు మూడు ఇచ్చాడు.

గీకిన పెచ్చులతో చేసే పద్ధతి చెప్తా, సింపులే కానీ రెండు మూడు చోట్ల జనం పొరపాటు చేస్తారు. ఇచ్చేవాళ్ల ట్యాంక్‌లో వేవ్ మేకర్ (నీళ్లు కదిలించే పంపు) ఆపి, బ్లేడుతో గీకి, పెచ్చుల్ని ఆ ట్యాంక్ నీళ్లతోనే డబ్బాలోకి సైఫన్ చెయ్యాలి. గాలికి ఆరనివ్వొద్దు. కార్లో డ్యాష్‌బోర్డ్ మీద పెట్టొద్దు, ఏసీ తగిలే చోట పెట్టుకుని రెండు మూడు గంటల్లో ఇంటికి చేరాలి. ఇంటికొచ్చాక స్కిమ్మర్, యూవీ లైట్ ఆపేసి, ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) తీసెయ్యాలి, లేకపోతే మనం పోసిందంతా పది నిమిషాల్లో సాక్‌లోకి పోతుంది. సగం పెచ్చుల్ని చేత్తో నలిపి మెత్తగా చేసి, సూది లేని పెద్ద సిరంజితో రాళ్ల మీదకి కొట్టాలి, మిగతా సగం పెద్ద ముక్కల్ని రాళ్ల సందుల్లో ఇరికించాలి, ఇసుకలో పడితే పూడిపోయి తెల్లబడతాయి. పంపులు మాత్రం ఆపొద్దు, నీళ్లు తిరుగుతుంటేనే అన్ని మూలలకీ వెళ్తుంది. ఒక రోజు తర్వాత స్కిమ్మర్ పెట్టెయ్యొచ్చు. ఒక్కసారితో సరిపెట్టకండి, వాళ్లు గీకినప్పుడల్లా నెలకోసారి తెచ్చుకోండి.

నత్తల దారి ఇంకా తేలిక. అవి నడిచే విత్తన డబ్బాలు. ఆల్గే తింటూ ట్యాంకంతా తిరుగుతాయి, పెంకు మీద కోరలైన్ దానంతటది స్పోర్స్ వదులుతుంది, మీరు చెయ్యాల్సిన పని ఏమీ లేదు. కోరలైన్ పట్టిన ఖాళీ ఫ్రాగ్ ప్లగ్ (కోరల్ ముక్క అతికించే చిన్న దిమ్మ) దొరికినా అంతే. నా ట్యాంక్‌లో మొదటి గులాబీ చుక్క రాయి మీద రాలేదు, రిటర్న్ నాజిల్ (సంప్ నుంచి నీళ్లు తిరిగొచ్చే గొట్టం మూతి) ప్లాస్టిక్ మీద వచ్చింది, నత్తలు వేసిన ఏడో వారం. చాలామందికి ముందు ప్లాస్టిక్ మీద, వెనక గ్లాస్ మీదే వస్తుంది, రాయి మీద ఎందుకు రాలేదని కంగారు పడకండి.

ఇక్కడ రిస్క్ ఏంటంటే వాళ్ల ట్యాంక్‌లో ఉన్న రోగం మీ ట్యాంక్‌కి వస్తుంది. మెరైన్ ఇచ్ అనే చేపల తెల్ల మచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి ఒక దశలో రాయికో పెంకుకో గూడులా అతుక్కుని ఉంటుంది. జాగ్రత్తపరులు నత్తనైనా ప్లగ్‌నైనా చేపల్లేని నీళ్లలో 76 రోజులు ఉంచి వేస్తారు, హాబీలో అందరూ చెప్పే లెక్క అది. నేను ఉంచలేదు, ఆ అన్న ట్యాంక్‌లో చేపల్ని ఏళ్లుగా చూస్తున్నా కాబట్టి ధైర్యం చేశా. మీకు ఆ నమ్మకం లేని ట్యాంక్ అయితే, టాంగ్స్ లాంటి ఇచ్ తొందరగా పట్టే చేపలుంటే, పొదుపు చూసుకోకుండా బాటిలే కొనండి.

అంటే నా ఎంపిక వరస ఇదీ. తెలిసిన పాత ట్యాంక్ ఊళ్లో ఉంటే నత్తలు, పెచ్చులు. లేకపోతే చలికాలంలో బాటిల్. కొత్తగా మొదలెడుతూ చట్టబద్ధంగా లైవ్ రాక్ దొరికే దేశంలో ఉంటే ఒక ముక్క. ఓపికుంటే ఇవేవీ లేకుండా కూడా వస్తుంది, ఎందుకంటే మీరు ఎలాగూ ఎప్పుడో నత్తలో కోరల్సో కొంటారు, వాటితో ఒక చుక్క వచ్చేస్తుంది, కాకపోతే ఏడాది పైనే పట్టొచ్చు.

విత్తనం పడ్డాక నీళ్లు

సముద్రపు నీళ్లలో 35 పీపీటీ దగ్గర కాల్షియం 410 పీపీఎం (పది లక్షల్లో వంతులు) చుట్టుపక్కల, ఆల్కలినిటీ (ఆల్క్, అంటే నీళ్లలో ఉన్న కార్బొనేట్ల లెక్క) 7 డీకేహెచ్ (దాని కొలత), మెగ్నీషియం 1300కి అటూ ఇటూ ఉంటాయి. ట్యాంక్‌లో కాల్షియం 400 నుంచి 450, ఆల్క్ 8 నుంచి 9, మెగ్నీషియం 1250 నుంచి 1350 పెట్టుకుంటే చాలు. కాల్షియం ఒక్కటే చూసుకుని ఆల్క్ వదిలేస్తారు, నిజానికి ముందు తగ్గేది, ఊగేది ఆల్కే. లెక్క ఎలా ఉంటుందంటే, 1 డీకేహెచ్ ఖర్చయ్యేసరికి కాల్షియం 7 పీపీఎం మాత్రమే తగ్గుతుంది. 400ల్లో 7 తగ్గితే టెస్ట్ కిట్‌కి కనపడదు కూడా, 8లో ఒకటి తగ్గితే పెద్ద తేడా. అందుకే డబ్బులు ఒక్క మంచి టెస్ట్ కిట్‌కే ఉంటే ఆల్క్ కిట్ కొనండి.

పెంచడానికి వంటసోడా సరిపోతుంది, 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది. బేకింగ్ పౌడర్ కాదు, సోడా. రోజుకి 1 కంటే ఎక్కువ పెంచొద్దు. నేను ఒకసారి ఊరెళ్లొచ్చి చూస్తే 6.5 ఉంది, భయపడి ఒక్క రాత్రిలో 9.5కి లాగేశా, రెండో రోజుకి మచ్చల అంచులన్నీ తెల్లగా పాలిపోయాయి, కోలుకోడానికి నెలన్నర పట్టింది. తక్కువగా ఉన్నా స్థిరంగా ఉంటే తట్టుకుంటుంది, ఊగిసలాటకి తట్టుకోదు.

కాల్షియం, ఆల్క్ రెండూ కలిపి ఇచ్చే పాత పద్ధతి కల్క్‌వాసర్. పేరు జర్మన్‌లో ఉండేసరికి ఏదో పెద్ద కెమికల్ అనుకుంటారు, అది మన సున్నపు తేటే. కాల్షియం హైడ్రాక్సైడ్ ఆర్ఓ నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైన తేట మాత్రం, ఆవిరైపోయిన నీళ్ల బదులు చుక్క చుక్కగా రాత్రిపూట పోస్తారు. లీటరుకి ఒకటిన్నర గ్రాముల పైన కాస్త కరుగుతుంది, మిగతాది అడుగున ఉండిపోతుంది. పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, ఒక్కసారి గ్లాసుడు గుమ్మరించారో కథ ముగుస్తుంది. పాన్ డబ్బాలో సున్నం, గోడలకి వేసే సున్నం వాడకండి, దాంట్లో ఏం కలిసిందో ఎవరికీ తెలీదు, ఫుడ్ గ్రేడ్ పొడి దొరుకుతుంది. కొత్త ట్యాంక్‌లో కోరల్స్ లేకపోతే ఇదేదీ అక్కర్లేదు, వారం వారం నీళ్లు మార్చడమే సరిపోతుంది.

ఫాస్ఫేట్ 0.1 పీపీఎం లోపు ఉంచాలి, ఎక్కువైతే ఆ సున్నం పొర కట్టుకోవడానికి అడ్డం పడుతుంది, పైగా జుట్టు ఆల్గే ముందు జాగా ఆక్రమిస్తుంది. సున్నాకి తెచ్చేస్తా అని పంతం పడితే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్స్ అనే జిగట ఆల్గే) వస్తాయి, అది ఇంకో నరకం.

లైట్ విషయంలో చాలామంది ఉల్టా ఆలోచిస్తారు. ఎక్కువ లైట్ అక్కర్లేదు దీనికి. 1984లో బహామాస్ దగ్గర శాన్ సాల్వడార్ పక్కన సముద్రంలో 268 మీటర్ల లోతున పూతలా పట్టే కోరలైన్ కనిపించింది, అక్కడ వెలుతురు ఉందంటే ఉంది అన్నట్టు ఉంటుంది. మీ ఎల్‌ఈడీ ఫుల్‌లో పెట్టి విత్తనం వేస్తే పై రాళ్ల మీద నిలవదు, నీడ పక్కనే ముందు వస్తుంది. మొదటి రెండు నెలలు బ్లూ ఎక్కువ, మొత్తం తక్కువ పెట్టుకోండి.

ఎండాకాలం గురించి మనకి చెప్పక్కర్లేదు. 24 నుంచి 27 డిగ్రీల్లో ఉండాలి, 30 దాటి రోజుల తరబడి ఉంటే కోరలైన్ కంటే ముందు మిగతావి పోతాయి. ఫ్యాన్ పెడితే నీళ్లు చల్లబడతాయి కానీ ఆవిరి పెరుగుతుంది, ఉప్పు పెరుగుతుంది, రోజూ ఆర్ఓ నీళ్లతో టాప్ అప్ చెయ్యాలి. బోరు నీళ్లతో చేస్తే ఇప్పటిదాకా చెప్పిందంతా వేస్ట్.

ఇంకొక్కటి, తినేవాళ్లు. సీ అర్చిన్స్, ముఖ్యంగా పెన్సిల్ అర్చిన్, కోరలైన్‌ని రాయితో సహా గీరి తినేస్తాయి, వెళ్లిన దారంతా తెల్ల చారలు. రంగు రావాలంటే మొదటి ఏడాది అర్చిన్ వద్దు. ఎర్రగా జారుడుగా పొరలాగా వచ్చి, సిరంజితో ఊదితే లేచిపోయేది కోరలైన్ కాదు, సయనో అనే బ్యాక్టీరియా. కోరలైన్ వేలితో రుద్దితే కదలదు.

వచ్చాక ఏమవుతుందో కూడా తెలుసుకుని దిగండి. ఒకసారి పట్టుకుంటే రాయి వరకే ఆగదు, ముందు గ్లాస్, హీటర్, వేవ్ మేకర్ ఫ్యాన్ అన్నిటికీ పాకుతుంది, ఆల్క్ కూడా రోజూ అదే లాగేస్తుంది. గ్లాస్ మీద మచ్చలు చిన్నగా ఉన్నప్పుడే వారానికోసారి పాత ఏటీఎం కార్డుతో గీకితే పోతాయి, నెల వదిలేస్తే స్టీల్ బ్లేడ్ కావాలి, యాక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడ్ ముట్టుకోవద్దు, గీతలు పడతాయి. పంపులు గర్‌గర్‌మంటుంటే ఊడదీసి, బకెట్ నీళ్లలో గుప్పెడు నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టండి, సున్నమంతా కరిగిపోతుంది, బాగా కడిగి మళ్లీ బిగించెయ్యండి.